వర్తక స్వాతంత్ర్యమునకు బాటవేసిన మాడపాటి హనుమంతరావు పంతులుగారు

మన మహాసభ ప్రతివర్షము వెలువరించు సంచికలయందు సత్రములు కట్టించిన దాతలయొక్కయు, విద్యార్థి వసతిగృహములు నెలకొల్పిన కులవృద్ధులయొక్కయు చరిత్రములు ప్రకటించుట పరిపాటియై యున్నది. ఈ పర్యాయము మేము మన ఆర్యవైశ్య కులమున జన్మింపని యొక మహాశయుని జీవితమును సోదరుల యెదుట నుంచ సాహసించుచున్నాము. ఇందులకు కారణము చెప్పవలసియున్నది. జనగామలోనో, మానుకోటయను మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో చిన్న దుకాణము పెట్టుకొన్న వర్తకుడు నేడు సర్కారు కచేరికి సరుకమ్మి, బిల్లు వ్రాసియిచ్చి, సంతకము గైకొని, సొమ్ము రాకున్న నడుగగలుగుచున్నాడు. అడిగిన వెంటనే వచ్చునా యనునది వేరు మాట. అడుగుట నేరము కాదను సంగతి మాత్రము అందరకు తెలియును. నూరేండ్ల క్రిందట నీ ప్రాంతములందు ఆ సంగతి తెలిసిన వర్తకులు మిక్కిలి యరుదు. దానిని తెలియజెప్పుటకు నడుము కట్టినవారు మాడపాటి హనుమంతరావు పంతులుగారు. ఆంధ్ర పితామహులను బిరుదముతో వారిని దేశమెల్ల నెరుగును. బాలికల పాఠశాలా స్థాపకులుగా, నగర మేయరుగా, శాసనమండలి యధ్యక్షులుగా నెరుగును. వర్తకుల పక్షమున వారు చేసిన పనిని మాత్రము మనవారే మరచుచున్నారు.

పంతులుగారు 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన కృష్ణామండలమున నందిగామ తాలూకాలోని పొక్కునూరు గ్రామమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, మేనమామల యాదరమున నిజాము రాష్ట్రమునకు వచ్చి, సూర్యాపేటయందును హనుమకొండయందును చదువుకొనిరి. ఆ కాలమున నిజాము రాష్ట్రమున బడిలో చదువుట యనగా ఉర్దూ చదువుటయే. తెలుగు ఇంటి భాష. అంగడిలో చిట్టా వ్రాసికొను భాష. కచేరి గుమ్మము దాటిన పిమ్మట దానికి చోటు లేదు. పంతులుగారు ఉర్దూ ఫార్సీలయందు చక్కని పాండిత్యము సంపాదించిరి. ఉర్దూ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతటి వారైరి. అటులయ్యు తెలుగును విడువలేదు. మల్లికాగుచ్ఛమను పేర తెలుగున కథల సంపుటమును గూడ ప్రకటించిరి. ఈ రెండు చేతుల చదువే పిదప మన వర్తకులకు అక్కరకు వచ్చినది.

హనుమకొండలో వారు కొంతకాలము సర్కారు కొలువున గుమాస్తాగా నుండిరి. 1904లో అచ్చట వెలసిన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయముతో వారికి గాఢమైన సంబంధము గలదు. తరువాత హైదరాబాదునకు బోయి న్యాయశాఖలో అనువాదకులుగా పనిచేసి, 1917 ప్రాంతమున వకీలు వృత్తి నవలంబించిరి. చరిత్రకారులు ఈ గుమాస్తాగిరిని, అనువాదపు కొలువును ఒక్క వాక్యమున దాటించి పోవుదురు. మా యభిప్రాయమున వారి జీవితమునకు కీలకమంతయు నచ్చటనే యున్నది. సర్కారు ఏమి వ్రాయునో, వ్రాసిన దానినెచ్చట దాచునో, తాను వ్రాసిన దానిని తానే యెట్లు మరచునో కచేరిలో కలము పట్టినవానికి తెలిసినట్లు బయటివానికి తెలియదు. గస్తీలనగా పై యధికారులు క్రింది యధికారులకు బంపు ఉత్తర్వులు. అవి ఉర్దూలో పుట్టి ఉర్దూలోనే బస్తాలలో పండుకొనును. వానిలో ప్రజలకు మేలు కలిగించు మాటలు గూడ నుండునని పంతులుగారు చూచినారు.

ఇక నాటి వర్తకుని స్థితి చెప్పవలెను. తహశీలుదారుగాని, పోలీసు అమీనుగాని, ఆబ్కారి యధికారిగాని దౌరా బయలుదేరెనన్న వార్త ముందుగా పటేలు పట్వారీలకు వచ్చును. వారు ఊరిలోనివారి కందరకు పనులు పంచుదురు. చాకలి వంటకు నీళ్లు మోయవలెను, బట్టలుదుకవలెను. మంగలి కాళ్లు పిసుకవలెను. కుమ్మరి కుండలు తేవలెను. గొల్ల గొర్రెను తోలుకొని రావలెను. మాదిగ చెప్పులు కుట్టియిచ్చుటయేగాక ఒక యూరినుండి మరియొక యూరికి మూటలు మోయవలెను. సాలె నేసిన బట్ట, గౌడు గీసిన కల్లు, వడ్రంగి కమ్మరుల పనితనము అన్నియు మకాముకడకు చేరవలసినవే. ఇది వెట్టి. వీరికి కూలిలేదు, ఒకవేళ నేదైన విదిల్చినను అది కూలియనదగినది కాదు.

కోమటి వంతు బియ్యము, పప్పు, నెయ్యి, చక్కెర, నూనె, పోకచెక్క. ఇతనిని వెట్టివాడని యనరు. సరుకు కొనుచున్నట్లే పలుకుదురు. ధర మాత్రము బజారు ధర కాదు. కచేరివారు నిర్ణయించిన నిరఖు. ఆ నిరఖుప్రకారమైనను సొమ్ము చేతబడునా యన్న, పద్దు వ్రాసికొమ్మనెదరు. పద్దు వ్రాసికొనును. మకాము లేచిపోవును. దొర వెంట వచ్చిన జవానులు, గుర్రపువాండ్రు, వంటవాండ్రు తమ వాటా తాము తీసికొందురు. మరల రెండు మాసములకు వేరొక శాఖవాడు వచ్చును. వ్రాసికొన్న పద్దు చిట్టాలో నట్లే యుండిపోవును. కాదని చెప్పిన వర్తకుని తూకపురాళ్లు మరునాడే పరీక్షకు వచ్చును. లేదా ఏదో ఫిర్యాదున నతనిపేరు చేరును. అందుచేత మనవారు నోరు మూసికొని సరుకు గొలిచి యిచ్చుచుండిరి.

ఇచ్చట నొక చేదు మాట చెప్పక తప్పదు. ఆ నష్టమును వర్తకుడు తన మూలధనమునుండి భరించెనని మేము నమ్మజాలము. పది మందిలో కొందరైనను దానిని రైతు పద్దులో కలిపిరి. అధికారి తినిన నెయ్యి వెల విత్తనపు వడ్లు అప్పు తీసికొన్న రైతు వడ్డీలోనికి జారినది. అధికారియందు భయము, రైతునందు అధికారము గలవాడు చేయు పని యిట్లే యుండును. సర్కారు న్యాయమైన వెలనిచ్చి కొననిచో ఆ వెలను చివరకు నోరులేని వాడెవడో యిచ్చుకొనును. ఈ సంగతిని గుర్తించినవారగుటచేతనే పంతులుగారు వర్తకుని కష్టమును వెట్టివారి కష్టమునుండి వేరుచేసి చూడలేదు.

పెద్ద గుత్తేదారుల స్థితి వేరు. వారు పట్నములలోనుండి హర్రాజులు పాడి, పలుకుబడి గలిగి, సర్కారుతో సమానముగా మాట్లాడుకొనెడివారు. పల్లెటూరి చిన్న కోమటికి గుత్తయు లేదు, ఒప్పంద పత్రమును లేదు. కాగితము లేని యమ్మకమే వాని దుఃఖమునకు మూలము.

1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కరణ సభ కర్వే పండితుని యాధిపత్యమున జరిగినది. ఆ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప నారంభింపగా, సభికులు కొందరు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఈ యవమానమును సహింపజాలని తెలుగువారు వెలుపలికి వచ్చి, నవంబరు 12వ తేదీన ఆంధ్రజన సంఘమును స్థాపించుకొనిరి. ఈ కథ యందరెరిగినదే కావున విస్తరింపము. పంతులుగారు ఆ సంఘమునకు కార్యదర్శులైరి. సంఘము భాషాభిమానమునుండి పుట్టినదైనను, గ్రామములకు బోయి చూచినప్పుడు ప్రజలకు కావలసినది భాష యొక్కటియే కాదని తెలిసినది. సంఘశాఖలు పెరిగినపిదప 1923లో హనుమకొండయందును, 1924లో నల్లగొండయందును, 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును ఆంధ్రజన కేంద్రసంఘ సభలు జరిగినవి. ఆ సంవత్సరములలోనే వెట్టిచాకిరియు, వృత్తులపై వేయు మొహతర్ఫా పన్నును, వర్తకులపై జరుగు బలాత్కారమును సంఘముయొక్క ముఖ్య విషయములైనవి.

పంతులుగారి పద్ధతి విచిత్రమైనది. వారు సర్కారును నిందింపలేదు. నిందించినచో ఆ రాజ్యమున సభ జరుపనిచ్చెడివారు కారు. సర్కారు తన గస్తీలలో తానేమి చెప్పుకొన్నదో వెదకి తీసిరి. దౌరాలో నున్న యధికారి తనకు కావలసిన సరుకును బజారు ధరకు సొమ్ము చెల్లించియే కొనవలెననియు, వర్తకుని బలవంతపెట్టరాదనియు ఉత్తర్వులుండనే యుండెను. అవి ఉర్దూలో నుండెను. అధికారికి తెలియును, చదువడు. వర్తకుడు చదువ గోరును, తెలియదు. పంతులుగారి పూనికతో సంఘము ఈ విషయమును తెలుగున వివరించి వర్తక స్వాతంత్ర్యమను పేర నొక చిన్న పుస్తకమును ప్రకటించినది. వెట్టిచాకిరిని గూర్చియు, మొహతర్ఫాను గూర్చియు నట్టివే చిన్న పుస్తకములు వెలువడినవి.

ఈ పని యెంత చిన్నదిగా గానవచ్చునో అంత పెద్దది. ఊరి కోమటి చేతిలో తెలుగు కాగితమొకటి యున్నది. అందులో వ్రాసినది తిరుగుబాటు కాదు, ఆ సర్కారు మాటయే. పట్వారి వచ్చి సరుకు దెమ్మన్నప్పుడు నిరాకరింపనక్కరలేదు. ధర యెంత, సొమ్మెప్పుడు, రసీదెవరిది యని యడిగిన జాలును. అమ్మువాడు కొనువానిని అడుగవలసిన మూడు ప్రశ్నలవి. ఇంతకుమున్ను సర్కారు కొనువాడు కాదు, తీసికొనువాడు మాత్రమే. సర్కారును గూడ నొక కొనువానిగా జూచుట మన వర్తకులకు పంతులుగారు నేర్పిన మొదటి పాఠము. రెండవది, ఒక్కడుగా నడుగక పదిమంది కలిసి యడుగుట. ఒక దుకాణమువాడు ధర యడిగిన వానిపై కోపము వచ్చును. అంగడివీథి యంతయు నడిగిన నధికారికి ఆలోచన వచ్చును. పలుచోట్ల వర్తకసంఘము లేర్పడినవి. పై యధికారులకు అర్జీలు వెళ్లినవి. రైలుదారిపై నున్న వ్యాపారపు పేటలలో బలాత్కారము క్రమముగా తగ్గుముఖము పట్టినది.

రైలుదారి యని యూరక వ్రాయలేదు. జనగామ నిజాముకాలమున నల్లగొండ జిల్లాలోని తాలూకా. మానుకోట ఓరుగల్లు జిల్లాలోనిది. ఇవి రెండును 1880లలో హైదరాబాదునుండి బెజవాడవరకు పడిన రైలుమార్గముపై నున్నవి. సరుకు దూరమునకు బోవుటకును, పత్రిక దూరమునుండి వచ్చుటకును ఆ దారియే యాధారము. 1922లో మానుకోట ప్రాంతమునందలి ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. ఆ యేటనే నల్లగొండనుండి నీలగిరి పత్రిక వచ్చినది. 1926లో హైదరాబాదునుండి సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక ప్రారంభమైనది. పల్లెటూర ముద్రాయంత్రము పెట్టి పత్రిక నడిపిన ఒద్దిరాజువారిని గూర్చి వేరుగా నొక వ్యాసము వ్రాయదగును. ఇట తెలుప దలచినది యేమన, వర్తకుడు తెలుగున చదువుటకు పత్రికలుగాని, చదివి పదిమందితో ముచ్చటించుటకు గ్రంథాలయముగాని లేనిచో చిన్నపుస్తకము దుకాణపు మాళిగెలోనే చెదలు పట్టెడిది. భూపాలపల్లి ప్రాంతము మాత్రము అప్పటికి దట్టమైన యడవి, రైలు లేదు. అధికారి వేటకు వచ్చిన నచ్చట అడ్డు చెప్పువారు లేరు.

పంతులుగారి కృషి ఎల్లయెడల ఫలించెనని వ్రాసిన నది స్తోత్రపాఠమగునుగాని చరిత్రము కాదు. లెక్కలు వ్రాయనేర్చి, అర్జీ వ్రాయించుటకు రెండు రూకలున్న వర్తకుడు ముందుగా బయటపడెను. చాకలికి చిట్టాలేదు, కుమ్మరికి పద్దులేదు; వానికి జరిగిన యన్యాయమునకు కాగితపు సాక్ష్యమే లేదు. పైగా జనగామ తాలూకాలో సర్కారుకంటె దేశముఖు పెద్దవాడు. గస్తీ తహశీలుదారును బంధించునుగాని విసునూరు గడీని బంధింపజాలదు. అచ్చట వెట్టి పోవుటకు కాగితములు చాలలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దేశముఖు మనుష్యులకు విడువక నిలిచినది. 1946వ సంవత్సరము జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియైనాడు. అటుపిమ్మట తాలూకాలెల్ల లేచినవి. మనకంటె ఎక్కువ సరుకును, ఎక్కువ చెమటను ఉచితముగా సమర్పించిన కులములవారు మనకంటె ఇరువదియేండ్లు ఆలస్యముగా, మనకంటె మిక్కుటమైన వెల యిచ్చి విముక్తి పొందిరి. మన సంచికలలో ఈ మాటకు చోటుండవలెనని మా కోరిక.

పంతులుగారి చిన్నపుస్తకము నేడు తలచుకొనుటకు వేరొక కారణము గూడ గలదు. నేటి సర్కారు నాటి సర్కారువలె దోచుకొనునది కాదు. కాని నేడును మన చిన్న వర్తకులలో ననేకులు సర్కారుకు సరుకమ్ముటన్న వెనుదీయుచున్నారు. కారణమడిగిన, సొమ్ము రాదందురు; కాగితములు తెలియవందురు; పెద్దవారికే దక్కునందురు. ఈ మూడింటికిని వ్రాతమూలకమైన సమాధానములున్నవి. నాడవి ఉర్దూలో నుండెను, నేడు ఆంగ్లములో నున్నవి. తేడా యింతమాత్రమే.

2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టముప్రకారము, నమోదైన చిన్న సంస్థవద్ద సరుకుగాని సేవగాని కొన్నవాడు సర్కారైనను సరే, ఒప్పందములో వ్రాసికొన్న గడువులో, ఎట్టి స్థితియందును 45 దినములు మించకుండ సొమ్ము చెల్లించవలెను. ఒప్పందమే లేనిచో 15 దినములు. గడువు దాటిన, రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, అదియు నెలనెల చక్రవడ్డీ. తగవు పడిన కోర్టున కెక్కక పూర్వమే విచారించుటకు ప్రతి రాష్ట్రమునను సౌలభ్య మండలులున్నవి. మండలి తీర్పును ఎదిరించి కోర్టునకు బోవ దలచిన కొనుగోలుదారు తీర్పు సొమ్ములో నూటికి 75 వంతులు ముందుగా కట్టవలెను. తన బాకీకి వడ్డీ వేయగోరు వైశ్యుడు, సర్కారు బాకీకి చట్టమే యంతటి వడ్డీ వేసినదని తెలియకుండుట మాకు వింతగా నున్నది.

కేంద్రప్రభుత్వ శాఖలును, కేంద్రసంస్థలును తాము కొను మొత్తములో నూటికి 25 వంతులు సూక్ష్మ, చిన్న సంస్థలవద్దనే కొనవలెనని 2012లో మొదలైన విధానము నేడు నిర్దేశించుచున్నది. మొదట 20 వంతులుగా నున్నదానిని 2019 ఏప్రిలునుండి 25 వంతులు చేసిరి. అందు 4 వంతులు దళిత, గిరిజన యజమానుల సంస్థలకు, 3 వంతులు స్త్రీల సంస్థలకు ప్రత్యేకింపబడినవి. ఈ సంస్థలకు టెండరు పత్రములు ఉచితము. ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు. కనిష్ఠ ధర చెప్పినవానికంటె నూటికి 15 వంతులలోపు ఎక్కువ చెప్పిన చిన్న సంస్థ, ఆ కనిష్ఠ ధరకు దిగివచ్చుటకు సమ్మతించిన, అందులో కొంత వాటా దానికి దక్కును. 2016 ఆగస్టులో నారంభమైన జెమ్ అను సర్కారు విపణియందు దుకాణదారుడు తన యూరినుండియే సరుకును, ధరను ప్రకటించుకొనవచ్చును. మానుకోట, జనగామల మీదుగా సాగు రైలుశాఖ కేంద్రముదే కదా. భూపాలపల్లిలో సింగరేణి గనులును, చేల్పూరు చెంత కాకతీయ తాపవిద్యుత్కేంద్రమును వెలసినపిదప, నాటి యడవియే నేడు కొనుగోలు విషయమున నీ మూడు జిల్లాలలో మొదటిదిగా చెప్పదగియున్నది. ఈ సంస్థలకును, రాష్ట్రప్రభుత్వ కచేరులకును వారివారి టెండరు నియమములు వేరుగా నుండును. ఆసుపత్రులు, గురుకులములు, వసతిగృహములు ఏటేట పప్పు, నూనె, బల్లలు, బట్టలు, అచ్చుపని, వాహనముల కిరాయి కావలెనని ప్రకటనలిచ్చుచునే యున్నవి. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడు ప్రాంతములును జిల్లాలైనపిదప ఆ కచేరులు మన యంగడులకు మరింత చేరువకు వచ్చినవి.

అయితే మనవారు గమనింపవలసిన మెలిక యొకటి గలదు. దీనిని చెప్పక దాచిన నపకారమగును. పైన జెప్పిన 25 వంతుల లాభముగాని, 45 దినముల రక్షణగాని సరుకును తయారుచేయువానికిని, సేవ చేయువానికిని మాత్రమే. ఒకచోట కొని మరియొకచోట నమ్ము వర్తకుడు 2021 జూలైనుండి ఉద్యమ్ నమోదు పొందగలిగినను, అది బ్యాంకులు ప్రాధాన్యపు ఋణములిచ్చుటకే యుపకరించును. నూనెమిల్లు గలవాడు, అచ్చుకూటము గలవాడు, పసుపు కారము పట్టించి సంచులలో కట్టి యమ్మువాడు, వాహనములు కిరాయికి నడుపువాడు ఈ చట్టపు నీడలోనికి వత్తురు. కేవలము బస్తా మార్చువాడు రాడు. మన కులమున రెండవవారే యధికులు. వారును టెండరు వేయవచ్చును, జెమ్ విపణిలో నమ్మవచ్చును. కాని చక్రవడ్డీ చట్టమున్నదని నమ్మి అప్పు దెచ్చి సరుకు పోసిన నిలువున మునుగుదురు. కావున వట్టి వర్తకుడు ఒప్పందములోనే గడువును, సొమ్ము చెల్లించు విధమును స్పష్టముగా వ్రాయించుకొనవలెను. తయారుచేయువాడైనను సరుకు చేరవేసిన నాడే, ఒప్పుకొన్నట్లు తేదీతో సంతకము తీసికొననిచో, ఆ 45 దినములు ఎప్పటినుండి లెక్కింతురు? నోటిమాటపై బల్లలు, బీరువాలు పంపి, అధికారి బదిలీయైన పిమ్మట ఏడాది పొడవున తిరిగినవారిని మేమెరుగుదుము. క్రొత్త యధికారికి పాత యధికారి నోటిమాటతో పనిలేదు. పంతులుగారి కాలమునను లేదు.

ఈ నియమములన్నింటిని తేట తెలుగున నొక చిన్నపుస్తకముగా నచ్చొత్తించి, మూడు జిల్లాలలోని ప్రతి యంగడికిని, కుమ్మరి చాకలి సాలె సహకార సంఘములకు గూడ ఉచితముగా పంచుటకు మన దాతలలో నొక్కరు ముందునకు వచ్చిన, పంతులుగారి ఋణము కొంత తీరునని మేము విన్నవించుకొనుచున్నాము. సత్రమునకు కావలసినంత ధనము దీనికి బట్టదు.

తిరిగి చరిత్రమునకు వత్తము. ఆంధ్రజన సంఘమే పెరిగి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ యైనది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమ మహాసభ జరిగినది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాల్గవ మహాసభకు పంతులుగా రధ్యక్షత వహించిరి. ఈ నడుమ 1928లో హైదరాబాదు నారాయణగూడలో బాలికలకు తెలుగున చదువు చెప్పు ఉన్నత పాఠశాలను స్థాపించిరి. తెలుగున బోధించు బడికి ఆ రాజ్యమున గుర్తింపు దొరకలేదు. పంతులుగారు దారి వెదకి, పూనాలోని కర్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయముతో దానిని కలిపిరి. 1921లో తెలుగువారి కవమానము జరిగిన సభకు ఆ కర్వేగారే యధ్యక్షులు. పంతులుగారికి పాత సంగతులు మనస్సున పెట్టుకొను స్వభావము లేదు. పని యెచ్చట నగునో అచ్చటకు బోవుటయే వారి స్వభావము.

1940 తరువాత మహాసభ రావి నారాయణరెడ్డిగారివంటి యువకుల చేతులలోనికి బోయి, దారి మారినది. పంతులుగారు మితవాదులు, అర్జీయు, ఉత్తర్వును, సభా తీర్మానమును వారి యాయుధములు. వానికాలము గడచినదని యువకులు తలంచిరి. జనగామ తాలూకాను జూచినవారికి ఆ తలంపు తప్పుగా దోపదు. ఐనను, ఉత్తర్వు చదివించి ప్రజలకు హక్కను మాట నేర్పినవారు లేకున్న, ఆ హక్కునకై ప్రాణములిచ్చువారు పుట్టెదరా యనునది మా సందేహము. ఈ విషయమున పెద్దలలో భేదాభిప్రాయము లుండవచ్చును. తామెరిగిన ఉద్యమ చరిత్రమునంతయు పంతులుగారు తెలంగాణ ఆంధ్రోద్యమమను గ్రంథముగా రచించిరి. అందు తమ్ము పొగడుకొనుట కానరాదు.

హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప 1951లో పంతులుగారు హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరుగా నెన్నుకొనబడిరి. ఒకనాడు సరుకమ్మువాని పక్షమున గస్తీలు వెదకిన చేతికి, నగరమంతటికి దీపములు, రాళ్లు, చీపుళ్లు కొను సంస్థయొక్క పెత్తనము వచ్చినది. 1955లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదము నిచ్చినది. 1958లో ఆంధ్రప్రదేశ శాసనమండలి యేర్పడినప్పుడు దానికి ప్రథమాధ్యక్షులైరి. ఇంతటి పదవులలోనుండియు నారాయణగూడ పాఠశాలను విడువలేదు. 1970వ సంవత్సరము నవంబరు 11వ తేదీన, తమ యెనుబదియారవ యేట, పంతులుగారు పరమపదించిరి. మరునాటికి ఆంధ్రజన సంఘము పుట్టి నలువదితొమ్మిది సంవత్సరములు నిండినవి.